ఆక్సిజన్ పెట్టాక మొదలయ్యే పని

(తెర మీద: వార్డులో ఒక మంచం, గోడకు ఫ్లో మీటర్, దాని కింద సీసాలో బుడగలు)

"సిస్టర్, ఆక్సిజన్ పెట్టేశారు కదా, ఇంకేం పర్లేదు కదా?"

ఆయాసంతో వచ్చిన మనిషికి మాస్క్ తగిలించగానే తోడొచ్చినవాళ్లు అడిగే మొదటి మాట ఇది. వాళ్ల టెన్షన్ వాళ్లది. నర్సింగ్ చదువుతున్న మీరు మాత్రం ఆ మాటకు తల ఊపేసి పక్క మంచానికి వెళ్లిపోకండి. గోడలోంచి ఆక్సిజన్ రావడం వేరు, అది పేషెంట్ ఒంటికి అందడం వేరు. ఆ రెంటికీ మధ్య ఉన్న పనంతా మన చేతుల్లోనే ఉంటుంది. తిరుపతి, చిత్తూరు ఆసుపత్రుల్లో డ్యూటీ నేర్చుకుంటున్న జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ పిల్లల కోసం ఈ వీడియో. పేషెంట్‌కు తోడుగా ఉంటున్నవాళ్లు కూడా చూడండి, మీకు పనికొచ్చే మాటలు చాలానే ఉన్నాయి.

(తెర మీద: ముక్కు, ఊపిరితిత్తులు, గుండె కనిపించే బొమ్మ. బాణం గుర్తు కదులుతూ పోతుంది)

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం. అది ఊపిరితిత్తుల చివర ఉండే గాలి తిత్తుల దాకా వెళ్లాలి. అక్కడ రక్తంలోకి దిగాలి. రక్తం దాన్ని మోసుకెళ్లి అవయవాలకు అందించాలి. ఉబ్బసం, సీఓపీడీ (గాలి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలపు జబ్బు) ఉన్నవాళ్లకు, కఫం అడ్డుపడ్డవాళ్లకు గాలి దారిలోనే చిక్కు. నిమోనియా వచ్చినా, గుండె నీరసించి ఊపిరితిత్తుల్లో నీరు చేరినా, తిత్తుల దాకా వచ్చిన గాలి రక్తంలోకి దిగలేదు. రక్తం బాగా తక్కువున్న మనిషికి ఊపిరితిత్తులు బాగున్నా మోసుకెళ్లే దిక్కుండదు. అందుకే ఒకే ఆయాసానికి ఒకరికి నెబులైజేషన్ (మందును ఆవిరిలా పీల్పించడం) పెడతారు, ఇంకొకరికి నీరు తీసే ఇంజెక్షన్ ఇస్తారు, మరొకరికి రక్తం ఎక్కిస్తారు. డాక్టర్ రాసిన మందు ఎందుకు రాశారో తెలిస్తే ఏం గమనించాలో కూడా తెలుస్తుంది.

ముందు మనిషిని చూడండి. మెషీన్ తర్వాత.

(తెర మీద: నర్సు ఒక అవ్వ మణికట్టు పట్టుకుని, చూపు మాత్రం ఆమె ఛాతీ మీద పెట్టి ఉంటుంది)

శ్వాస లెక్కపెడుతున్నామని పేషెంట్‌కు తెలిస్తే ఊపిరి తీసే తీరే మారిపోతుంది. కాబట్టి నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని, ఛాతీ లేవడం, దిగడం లెక్కపెట్టండి. నిమిషం నిండా లెక్కపెట్టాలి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే ఆయాసం ఉన్న మనిషి దగ్గర తప్పు లెక్క వస్తుంది, ఎందుకంటే వాళ్ల ఊపిరి ఒక తీరున ఉండదు. పెద్దవాళ్లకు నిమిషానికి 12 నుంచి 20 మామూలు. చాలా చార్టుల్లో అందరికీ ఒకటే 20 రాసి ఉంటుంది. అది చూస్తే నాకు బాధేస్తుంది. మనిషి దిగజారిపోతున్న సంగతి అన్నిటికంటే ముందు చెప్పే అంకె అదే, దాన్నే మనం ఊహించి రాసేస్తున్నాం.

తర్వాత పలకరించండి. "ఏ ఊరవ్వా మీది?" అనండి. "పాకాల దగ్గర దామలచెరువు నాయనా" అని ఒక్క ఊపిరిలో చెప్పేస్తే కాస్త నిమ్మళించవచ్చు. "పాకాల..." అని ఆగి, ఊపిరి తీసుకుని, "దగ్గర..." అని మళ్లీ ఆగితే వెంటనే డ్యూటీ డాక్టర్‌కు చెప్పాలి. మెడ కండరాలు బిగుసుకుంటున్నాయా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతోందా, ముక్కు పుటాలు ఎగురుతున్నాయా, ఇవన్నీ ఆ మాటల్లోనే చూసేయొచ్చు.

ఇంకో మాట. పేషెంట్ మాటిమాటికీ మాస్క్ పీకేస్తున్నాడు, దుప్పటి లాగేస్తున్నాడు, కొడుకుని చూసి ఎవరు నువ్వు అంటున్నాడు. ఇంట్లోవాళ్లు "మా నాయనకు మొండితనం ఎక్కువ సిస్టర్" అంటారు. దాన్ని మొండితనం కింద కొట్టేయకండి. మెదడుకు ఆక్సిజన్ చాలనప్పుడు మొదట కనిపించేది ఈ అశాంతే. నాడి వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది. పెదాలు నీలంగా మారే దాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే. మన ఛాయల్లో పెదాల మీద నీలం సరిగా కనిపించదు, నాలుక, పెదవి లోపలి వైపు చూడాలి. ఇలా కంగారుపడే మనిషికి డాక్టర్‌ను అడగకుండా నిద్రమాత్ర వేయడం, చేతులు కట్టేయడం ప్రమాదం.

(తెర మీద: గోరింటాకు పెట్టుకున్న వేలికి పల్స్ ఆక్సీమీటర్)

వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్ గురించి. నెయిల్ పాలిష్, ముదురు గోరింటాకు, చల్లబడ్డ వేళ్లు రీడింగును చెడగొట్టగలవు. వేలు రుద్ది వెచ్చబరచండి, వేరే వేలికి మార్చండి, అంకె నిలకడగా నిలబడేదాకా ఆగండి. మెషీన్ చూపే నాడి, మీరు పట్టి చూసిన నాడి కలవకపోతే ఆ అంకెను నమ్మొద్దు. రక్తహీనత బాగా ఉన్న మనిషికి 98 చూపించినా ఒంటికి చాలినంత ఆక్సిజన్ అందుతున్నట్టు కాదు. ఉన్న కాస్త రక్తం ఆక్సిజన్‌తో నిండుగా ఉందని మాత్రమే ఆ అంకె చెబుతోంది.

ఇప్పుడు పైసా ఖర్చు లేని వైద్యం: కూర్చోబెట్టడం.

(తెర మీద: మంచం తల వైపు పైకెత్తి, ముందు బల్ల మీద దిండు పెట్టి, అవ్వ దాని మీద చేతులు ఆనించి కూర్చుంటుంది)

ఆయాసపడే మనిషిని వెల్లకిలా పడుకోబెడితే పొట్ట పైకి నెట్టి, ఊపిరితిత్తుల కింది భాగానికి చోటు లేకుండా చేస్తుంది. తల వైపు 45 డిగ్రీలు, అవసరమైతే ఇంకా పైకి లేపండి. "అవ్వా, రవ్వంత లేచి కూర్చో" అని ముందు చెప్పి, ఇద్దరు పట్టి లేపండి. దిండు మెడ కింద ఒక్కటే దోపితే గడ్డం ఛాతీకి ఆనుకుని గాలి దారి ముడుచుకుంటుంది. నడుము నుంచి భుజాల దాకా ఆనిక ఉండాలి. అరగంటకల్లా మంచంలో కిందికి జారిపోతారు, మళ్లీ పైకి లాగాలి. ఎన్నిసార్లు జారితే అన్నిసార్లు. ముందుకు వంగి బల్ల మీద చేతులు పెట్టుకుంటే సీఓపీడీ వాళ్లకు చాలా హాయిగా ఉంటుంది. ఒక పక్క ఊపిరితిత్తికే నిమోనియా ఉంటే, సాధారణంగా బాగున్న వైపు కిందికి వచ్చేలా పడుకోబెడతాం. కింది వైపు రక్తం ఎక్కువ పారుతుంది, ఆ రక్తానికి బాగున్న ఊపిరితిత్తిలో ఆక్సిజన్ దొరుకుతుంది.

(తెర మీద: ముక్కు గొట్టం, మామూలు మాస్క్, సంచి ఉన్న మాస్క్, వెంచురీ మాస్క్ పక్కపక్కన)

ఆక్సిజన్ కూడా మందే. డోసు ఉంటుంది. ముక్కు గొట్టంతో నిమిషానికి 1 నుంచి 6 లీటర్లు ఇస్తాం, సుమారు 24 నుంచి 44 శాతం అందుతుంది. మామూలు మాస్క్‌కు 5 లీటర్లకు తగ్గకూడదు, తగ్గితే వదిలిన గాలినే మళ్లీ పీలుస్తారు. సంచి ఉన్న మాస్క్‌కు 10 నుంచి 15 లీటర్లు కావాలి. మొహానికి పెట్టకముందే సంచి నిండాలి, ఊపిరి తీసినప్పుడు పూర్తిగా చప్పబడకూడదు. వెంచురీ మాస్క్‌లో ఏ రంగు ముక్కకు ఎన్ని లీటర్లో దాని మీదే రాసి ఉంటుంది, చదివి పెట్టండి. ఫ్లో మీటర్‌లో గోళీ మధ్యభాగం గీత మీద ఉండాలి, దాన్ని మన కంటి ఎత్తులో చూడాలి.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాల్సిన సంగతి ఒకటుంది. మన పల్లెల్లో ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ఊదిన ఆడవాళ్లు, బీడీ తాగిన మగవాళ్లు, బెల్లం గానుగల దగ్గర పొయ్యి పొగలో పనిచేసినవాళ్లు సీఓపీడీతో వస్తుంటారు. వీళ్లలో కొందరి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ముందే ఎక్కువగా ఉంటుంది. ఆక్సిజన్ మరీ ఎక్కువ ఇస్తే అది ఇంకా పెరిగిపోతుంది. అందుకే మామూలు పేషెంట్‌కు సాచురేషన్ (ఆక్సీమీటర్ చూపే శాతం) 94 నుంచి 98 లక్ష్యమైతే, వీళ్లకు 88 నుంచి 92 చాలు. కొడుకేమో 90 చూసి హడలిపోతాడు, మనం అటు తిరగ్గానే నాబ్ తిప్పేస్తాడు. కాసేపటికి "అమ్మ హాయిగా నిద్రపోతోంది" అంటాడు. అది నిద్ర కాకపోవచ్చు. తలనొప్పి, మత్తు, పిలిస్తే మెల్లగా పలకడం, చేతులు వణకడం కార్బన్ డయాక్సైడ్ పెరిగిన గుర్తులు. తోడున్నవాళ్లను కసిరితే లాభం లేదు. కూర్చోబెట్టి, "అన్నా, అమ్మకు 90 ఉంటే సరిపోతుంది, ఎక్కువైతే ఆమెకే చేటు, నాబ్ ముట్టుకోవద్దు, ఏమున్నా నన్ను పిలువు" అని చెప్పండి. చెబితే వింటారు.

సీసాలో డిస్టిల్డ్ వాటర్ గీత దాకా ఉండాలి. బుడగలు ఆగిపోతే గొట్టం మడత పడిందా, సిలిండర్ అయిపోయిందా, లైన్‌లో ప్రెషర్ తగ్గిందా అని వెంటనే చూడాలి. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో ట్యాంకర్ రావడం ఆలస్యమై ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయింది, 11 మంది చనిపోయారని ప్రభుత్వం ప్రకటించింది. ఆ రాత్రిని ఈ ఊరు మరచిపోలేదు. డ్యూటీ మారేటప్పుడు నిండు సిలిండర్, దానికి సరిపోయే రెగ్యులేటర్, తాళం చెవి, ఆంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) ఎక్కడున్నాయో కళ్లారా చూసుకోండి.

చెవుల వెనక గొట్టం ఒరుసుకుని పుండ్లు పడతాయి, గాజ్ గుడ్డ (కట్టు కట్టే పలచటి గుడ్డ) మడిచి పెట్టండి. ముక్కు ఎండిపోయిందని కొబ్బరినూనె, వాజిలిన్ రాయకండి, నూనె ఆక్సిజన్‌తో కలిస్తే మంటకు దారి. నీటితో చేసిన జెల్ వాడాలి.

(తెర మీద: గిన్నెలో రాగి జావ, స్పూను)

అన్నం సంగతి. ఎగపోస్తున్న మనిషికి బలం రావాలని సంగటి ముద్ద నోట్లో పెడతారు. రొప్పుతూ మింగితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆయాసం కొంచెం తగ్గాక, నిటారుగా కూర్చోబెట్టి, మింగుడు బాగుంటే జావలాంటి మెత్తటిది కొద్దికొద్దిగా పెట్టాలి. తినేటప్పుడు మాస్క్ తీసేసి ఊరుకోవద్దు, డాక్టర్‌ను అడిగి ఆ కాసేపు ముక్కు గొట్టం పెట్టండి.

కఫం పలచబడాలంటే గోరువెచ్చటి నీళ్లు బాగా తాగించాలి, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు మాత్రం డాక్టర్ చెప్పిన కొలతే. ఊపిరితిత్తుల వ్యాయామానికి ఇచ్చే మూడు బంతుల స్పైరోమీటర్‌ను చాలామంది ఊదుతారు, దాన్ని లోపలికి పీల్చాలి. సక్షన్ (గొట్టంతో కఫం లాగేయడం) చేస్తే ముందు ఆక్సిజన్ పెంచి, గొట్టం లోపలికి పోయేటప్పుడు సక్షన్ ఆపి, బయటికి తీసేటప్పుడే పెట్టి, 10 నుంచి 15 సెకన్లలో ముగించాలి. నెబులైజేషన్‌లో స్టెరాయిడ్ ఉంటే తర్వాత నోరు పుక్కిలించాలి.

(తెర మీద: డిశ్చార్జ్ కాగితాలు, ఇన్‌హేలర్)

ఇంటికి పంపేటప్పుడు ఇన్‌హేలర్ ఎలా వాడాలో నోటితో చెప్పి ఊరుకోకుండా, మన ముందు ఒకసారి వాడించి చూడాలి. పెదాలు బిగించి ఊదే శ్వాస నేర్పండి: ముక్కుతో రెండు లెక్కపెట్టేదాకా పీల్చి, పెదాలు సున్నాలా చేసి నాలుగు లెక్కపెట్టేదాకా వదలాలి. ఇంట్లో ఆక్సిజన్ ఉంటే ఆ గదిలో శ్రీవారి పటం ముందు దీపం, అగరబత్తి, కర్పూరం వద్దు. పూజ వేరే గదిలో చేసుకోమనండి.

ఇంకొకటి తప్పక అడుగుతారు: "అలిపిరి నుంచి నడిచి వస్తానని మొక్కుకున్నాం సిస్టర్, పోవచ్చా?" అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు. తిరుమల వెయ్యి మీటర్ల ఎత్తు కూడా లేదు, కొండ మీద ఆక్సిజన్ ఉండదనేది నిజం కాదు. ఊపిరి ఆడనివ్వనిది ఆ మెట్లెక్కడమే. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా కాలినడకన ఎక్కొద్దని, బస్సులో వెళ్లి దర్శనం చేసుకోమని నేను గట్టిగానే చెబుతాను. బస్సులో వెళ్లినా ఇన్‌హేలర్ జేబులో ఉండాలి, లగేజీతో పాటు కౌంటర్‌లో ఇచ్చేయకూడదు.

ఇంటి దగ్గర మాట పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలమైనా, మనిషి మత్తుగా ఉన్నా, సాచురేషన్ డాక్టర్ చెప్పిన అంకె కంటే కిందికి పడిపోయినా 108కి ఫోన్ చేయండి. వ్యాన్ వచ్చేదాకా కూర్చోబెట్టే ఉంచండి, వాడుతున్న మందుల చీటీ చేతిలో పెట్టుకోండి.