మడచెట్టును చూడ్డానికి టికెట్ ఎవరు కొంటారు?

అందరికీ నమస్కారం. కోరింగ మడ అడవిని పక్కనే పెట్టుకున్న కాకినాడ వాళ్లకు ఉప్పునీటి ఒడ్డున బురదలో పెరిగే మడచెట్టు గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. అందుకే నేరుగా కరీబియన్ సముద్రంలోకి, బెలీజ్ దేశపు కీ కాకర్ దీవికి వెళ్దాం.

పొడవు సుమారు 8 కిలోమీటర్లు. జనం రెండు వేల పైచిలుకు. ఇసుక వీధుల్లో తిరిగేవి సైకిళ్లు, గోల్ఫ్ బండ్లు. 1961 హ్యాటీ తుఫాను దీవిని రెండుగా కోసిందంటారు. పడవల కోసం ఆ పాయను జనమే తవ్వి వెడల్పు చేశారన్న మాటా ఉంది. నాకు రెండోదే కాస్త నిజమనిపిస్తుంది. ఉత్తరపు కొసన మడ అడవిని, తూర్పున ఉన్న పగడపు దిబ్బను 1998లో రక్షిత ప్రాంతాలుగా ప్రకటించారు.

మడకూ దిబ్బకూ లంకె ఏమిటో రొయ్య లాంటి పెద్ద జీవి లాబ్‌స్టర్‌ను అడగాలి. దాని పిల్లలు నడిసముద్రంలో నెలల తరబడి కొట్టుకొచ్చి, ఒడ్డు దగ్గర గడ్డిలో, నాచులో, మడవేళ్ల సందుల్లో దాక్కుంటాయి. ఒళ్లు చేశాకే దిబ్బకు చేరతాయి. ఒడ్డున మడ నరికితే దిబ్బ మీద వేట తగ్గుతుంది. దీవి జాలర్లకు ఇది బతుకుదెరువు లెక్క. 1960లో బెలీజ్ ఉత్తర ప్రాంత జాలర్లు సహకార సంఘం పెట్టుకుని ఎగుమతి బేరం తమ చేతుల్లోకి తెచ్చుకున్నారు. గుడ్లున్న లాబ్‌స్టర్‌ను పట్టకూడదు, ఏటా కొన్ని నెలలు వేట బంద్.

బెలీజ్ పగడపు దిబ్బల వ్యవస్థకు 1996లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. 2009లో యునెస్కో దాన్ని ప్రమాద జాబితాలో పెట్టింది. కారణం? మడ నరికివేత, దీవుల భూముల అమ్మకం. చమురు తవ్వకాల బెడద తర్వాత పెద్దదైంది. 2017 చివర్లో సముద్రంలో చమురు తవ్వకాలను ఆపుతూ చట్టం చేశారు. 2018లో మడచెట్ల నిబంధనలు గట్టి చేశారు, అదే ఏడు ప్రమాద జాబితా నుంచి పేరు తీసేశారు. పేపర్లకెక్కింది మాత్రం చమురు మీద గెలుపే. మడచెట్టుకు ఎప్పుడూ అంతే, దోమలు, బురద అనే పేరే మిగులుతుంది!

ఇప్పుడు దీవిని నడిపేది టూరిజం. దిబ్బ చూడ్డానికి టికెట్ కొనే యాత్రికుడు ఒడ్డున ఇసుక కావాలంటాడు, మడ కావాలని అడగడు. జాలరికైతే రెండూ ఉండాలి. దీవిలో జాలరి మాట చెల్లకుండా పోతుందేమోనన్నదే నా టెన్షన్. మీ ప్రశ్నలు అడగండి.