తిప్పతీగను పరీక్షించడమంటే దేన్ని పరీక్షించడం?

సభకు నమస్కారం.

తిప్పతీగ మీకు కొత్త కాదు. కోవిడ్ రోజుల్లో పెరటి వేపచెట్టుకు పాకిన తీగను కూడా వదలకుండా కోసుకెళ్ళి కషాయం కాచుకున్నాం. 2021లో, దాన్ని వాడి కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలను ముంబై వైద్యులు ప్రచురించారు. మరుసటి ఏడాది పలు నగరాల వైద్యులు కలిసి ఇలాంటి 43 మంది రోగుల సమాచారం బయటపెట్టారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దీన్ని ఒప్పుకోలేదు. ఆ రోగులు వాడింది టినోస్పోరా కార్డిఫోలియా, అంటే అసలు తిప్పతీగ, అయి ఉండకపోవచ్చని, దాన్ని పోలిన టినోస్పోరా క్రిస్పా అనే మరో తీగ కావచ్చని అంది.

ఆ మాటను నేను కొట్టిపారేయను. క్రిస్పా కాండం మీద బుడిపెలు ఒత్తుగా, చేతికి గుచ్చుకునేలా ఉంటాయి. మన తిప్పతీగకు పైన పల్చటి కాగితంలాంటి పొర ఉంటుంది. గోటితో గీరితే అది ఊడి, కింద పచ్చదనం కనిపిస్తుంది. పచ్చి తీగ చేతిలో ఉన్నంతవరకు తేడా పట్టుకోవచ్చు. పొడి కొట్టాక కంటికి రెండూ ఒకటే. అప్పుడు సూక్ష్మదర్శిని, రసాయన పరీక్ష, డీఎన్ఏ పరీక్ష కావాలి. అందుకే ప్రయోగశాలలో మొదటి పని ఎలుకలతో కాదు, వృక్షశాస్త్రవేత్తతో.

రెండో చిక్కు సారానిది. నీళ్ళలో కాస్తే ఒక రకం పదార్థాలు దిగుతాయి, ఆల్కహాల్‌లో నానబెడితే ఇంకో రకం, హెక్సేన్ అనే రసాయన ద్రావకంతో తీస్తే మరో రకం. మొక్క ఒకటే అయినా, విషపరీక్ష దృష్టిలో ఇవి మూడు వేర్వేరు పదార్థాలు. మన దేశ ఔషధ నిబంధనల్లోని 158-బి నిబంధన కూడా నీరు, నీరు కలిపిన ఆల్కహాల్ కాకుండా ఇతర ద్రావకాలతో తీసిన సారాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది. తాతగారు కషాయం తాగి తొంభై ఏళ్ళు బతికారన్నది మంచి మాటే. అయితే ఆ సాక్ష్యం కషాయానికే చెల్లుతుంది, గుళికలో కుక్కిన గాఢమైన సారానికి కాదు.

ఇక ఎలుకల సంగతి. తక్షణ విషప్రభావ పరీక్షలో ఒకసారికి మూడేసి ఎలుకలకు సారం తాగించి 14 రోజులు చూస్తారు. కిలో బరువుకు 2,000 మిల్లీగ్రాములు ఇచ్చినా చావకపోతే ఆ ఫలితం రాస్తారు. 200 గ్రాముల ఎలుకకు అది 400 మిల్లీగ్రాములు. ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకుని డబ్బా మీద 'పూర్తిగా సురక్షితం' అని అచ్చేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పరీక్ష చెప్పేది ఒక్క మోతాదుతో చావలేదని మాత్రమే. రోజూ తాగితే ఏమవుతుందో 90 రోజుల పరీక్ష చెప్పాలి. అందులో రక్తంలో కాలేయం సంగతి చెప్పే ఎస్‌జీపీటీ, మూత్రపిండాల సంగతి చెప్పే క్రియాటినిన్ చూస్తారు, చివర్లో కాలేయం, మూత్రపిండాలు కోసి చూస్తారు. హాని కనిపించని గరిష్ఠ మోతాదును సాధారణంగా నూరుతో భాగించి మనిషికి లెక్క కడతారు. జన్యువులను దెబ్బతీస్తుందా అని చూడడానికి బ్యాక్టీరియాతో చేసే 'ఏమ్స్' (Ames) అనే పరీక్ష ఉంది. సీసం, పాదరసం, బూజు విషాల పరీక్షలు వేరే.

ఇవన్నీ నెగ్గిన సారం కూడా కొందరికి పడకపోవచ్చు. 90 రోజుల పరీక్షలో ఒక్కో మోతాదుకు ఉండేవి పది మగ, పది ఆడ ఎలుకలు. వెయ్యిమందిలో ఒకరికి వచ్చే హాని ఇరవై ఎలుకల్లో కనబడే అవకాశం ఎంత? పైగా అవి ఆరోగ్యంగా ఉన్న ఎలుకలు. మొదట చెప్పిన 43 మందిలో కొందరికి తమ కాలేయం మీద తమ రోగనిరోధక శక్తే దాడి చేసే జబ్బు ముందే ఉంది, ఆ సంగతి వాళ్ళకే తెలియదు. రోగనిరోధక శక్తిని పెంచుతుందని తాగిన మందు అక్కడ ఎవరి పక్షాన పనిచేసిందో ఊహించండి.

ఇలాంటివి జనం వాడాకే బయటపడతాయి. 2018 నుంచి ఆయుష్ మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం ఉంది. అయితే డాక్టరు ఏ మందులు వాడుతున్నారని అడిగితే మనం బీపీ మాత్ర పేరు చెప్తాం, కషాయం ఊసెత్తం. అది మందు కాదని మన లెక్క. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా తిప్పతీగ పొడిని వెంటనే ఆపేసి ఆసుపత్రికి వెళ్ళండి. మిగిలిన పొడిని డబ్బాతో సహా తీసుకెళ్ళండి. దాన్ని పరీక్షిస్తేనే అందులో ఉన్నది కార్డిఫోలియానో క్రిస్పానో తేలుతుంది.