పెద్ద షాపు మూతపడింది, ఇక ఎవరొస్తారు?

[దృశ్యం: అమెరికాలో ఒక షాపింగ్ ప్లాజా. పార్కింగ్ లాట్ ఖాళీ. కెమెరా మెల్లగా గోడ దగ్గరికి వెళ్తుంది.]

ఈ గోడ చూడండి. అక్షరాలు పీకేసి చాలా రోజులైంది. చుట్టూ గోడ ఎండకు వెలిసిపోయింది, అక్షరాలున్న చోట మాత్రం పాత రంగు అలాగే ఉంది. బోల్టుల చిల్లులు కూడా కనిపిస్తున్నాయి. బోర్డు లేకపోయినా ఏ షాపుండేదో చదివేయొచ్చు. ఈ మచ్చకు లేబుల్‌స్కార్ అని ఒక పేరు కూడా ఉంది.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు ఇలాంటి గోడలు కొత్త కాదు. 2018లో బొమ్మల షాపు టాయ్స్ ఆర్ అస్, 2023లో ఇంటి సామాన్ల షాపు బెడ్ బాత్ అండ్ బియాండ్, 2025లో కుట్టుపని బట్టల షాపు జోఆన్. ఒక్కో కంపెనీ దివాలా తీసినప్పుడల్లా వందల షాపులు ఖాళీ అయ్యాయి. పెద్ద డబ్బాలా ఉంటాయి కాబట్టి వీటిని బిగ్ బాక్స్ అంటారు.

అక్టోబరు చివర దయ్యాల వేషాలు వేసుకునే హాలోవీన్ పండగ ఉంటుంది. దానికోసం ఆగస్టు, సెప్టెంబరు వస్తే వీటిలో కొన్నింటికి స్పిరిట్ హాలోవీన్ అనే కంపెనీ బ్యానర్ కడతారు. 1983లో మొదలైన ఈ కంపెనీ వ్యాపారమే అది: ఖాళీ షాపులో రెండు మూడు నెలలు దయ్యాల డ్రెస్సులు అమ్ముకుని వెళ్లిపోవడం. ల్యాండ్‌లార్డ్‌కు చేతిఖర్చులకు సరిపోతుంది. సమస్య మాత్రం తీరదు.

[దృశ్యం: పక్కనే ఉన్న చిన్న షాపులు. సెలూన్, పిజ్జా కొట్టు.]

ఎందుకంటే ల్యాండ్‌లార్డ్ అసలు టెన్షన్ ఆ ఒక్క అద్దె గురించి కాదు, ఈ పక్క షాపుల గురించి. వీళ్లలో చాలామంది పెద్ద షాపుకొచ్చే జనాన్ని చూసే ఇక్కడ దిగారు. లీజులో కో-టెనెన్సీ అనే షరతు కూడా రాయించుకుని ఉంటారు. పెద్ద షాపు మూతపడి, గడువులోగా దానికి తగ్గ షాపు రాకపోతే వీళ్లు అద్దె తగ్గించి కట్టొచ్చు. కొన్ని లీజుల్లో అయితే ఏకంగా ఖాళీ చేసి వెళ్లిపోవచ్చు కూడా. ఒక్క షట్టరు పడితే ప్లాజా మొత్తం కదులుతుంది.

"అంత పెద్దది ఎవరూ తీసుకోకపోతే ముక్కలు చేసి ఇవ్వొచ్చు కదా?" అని మీకు అనిపించవచ్చు. లెక్క వేద్దాం.

[దృశ్యం: తెల్ల బోర్డు మీద చతురస్రం. దానిలో రెండు నిలువు గీతలు.]

40 వేల చదరపు అడుగుల షాపు అనుకోండి. 200 అడుగుల వెడల్పు, 200 అడుగుల లోతు. మూడు భాగాలు చేస్తే ఒక్కోటి 66 అడుగుల వెడల్పు, 200 అడుగుల లోతు. రైలు పెట్టెలా ఉంటుంది! చెప్పుల షాపువాడికి రోడ్డు మీదికి కనిపించే ముఖం కావాలి గానీ ఆ చీకటి తోక ఎందుకు? పైగా కొత్త గోడలు కట్టాలి, మూడు కరెంటు మీటర్లు పెట్టాలి, పైకప్పు మీది ఏసీలు విడగొట్టాలి, వెనకాల ట్రక్కు వచ్చే తలుపు ఎవరిదో తేల్చాలి. ఆ ఖర్చులో పెద్ద వాటా ల్యాండ్‌లార్డ్ మీదే పడుతుంది. అందుకే అద్దె కాస్త తక్కువైనా షాపు మొత్తం తీసుకునేవాడు దొరికితే బ్రోకర్లు ఎగిరి గంతేస్తారు. నా లెక్కలో వాళ్లది తప్పు కాదు.

అలాంటివాళ్లలో ఒకటి బర్లింగ్టన్. బ్రాండెడ్ బట్టలు చవగ్గా అమ్మే షాపు. 2023లో దివాలా తీసిన బెడ్ బాత్ షాపుల లీజులు వేలానికి వచ్చినప్పుడు పదుల కొద్దీ కొనేసింది. ఇందులో తమాషా ఏంటంటే, పాత లీజు కొంటే పాత అద్దె కూడా దానితోపాటే వస్తుంది. ఇప్పుడు మార్కెట్ రేటు పెరిగి ఉంటే లాభం కొన్నవాడిది, ల్యాండ్‌లార్డ్ చూస్తూ ఉండాల్సిందే. అందుకే కొందరు ల్యాండ్‌లార్డ్‌లు తమ బిల్డింగ్ లీజును తామే వేలంలో పాడుకుని వెనక్కి తెచ్చుకున్నారు.

షాపే రావాలని కూడా లేదు. టెక్సస్‌లోని మెకాలెన్‌లో పాత వాల్‌మార్ట్‌ను పబ్లిక్ లైబ్రరీగా మార్చి 2011లో తెరిచారు. జిమ్‌లు, చర్చిలు కూడా అడుగుతాయి. కానీ పార్కింగ్ అంతా వాళ్ల కార్లే నింపేస్తాయని, అలాంటివి రాకూడదని పక్క షాపుల లీజుల్లో ముందే రాసి ఉండొచ్చు.

[దృశ్యం: ఇండియన్ గ్రోసరీ. కరివేపాకు, బెండకాయలు.]

ఇక మన సంగతి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న డాలస్ లాంటి చోట ఇండియన్ గ్రోసరీ ఓనరు ఒకాయన ఇలాంటి ఖాళీ షాపు అడిగాడనుకుందాం. డబ్బుంది, జనం వస్తారు, ల్యాండ్‌లార్డ్ కూడా సరేనన్నాడు. కానీ అదే ప్లాజాలో ఇంకో చివర అమెరికన్ సూపర్‌మార్కెట్ ఉంది. దాని లీజులో ఎక్స్‌క్లూజివ్ షరతు ఉంటే, ఈ ప్లాజాలో సరుకులు అమ్మే ఇంకో పెద్ద షాపు రాకూడదు. మా దగ్గర గోంగూర దొరుకుతుంది, వాళ్ల దగ్గర దొరకదు కదా అంటే కుదరదు. ల్యాండ్‌లార్డ్ వెళ్లి ఆ సూపర్‌మార్కెట్‌ను బతిమాలి, బదులుగా ఏదో ఒకటి ఇచ్చి, మినహాయింపు కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. వాళ్లు పెట్టకపోతే మీరు ఇడ్లీ రవ్వ కోసం ఇంకో ఇరవై నిమిషాలు డ్రైవ్ చేయాల్సిందే.