ఒక్క గాడిలో మూడు పనులు: జెఫ్ మిల్స్ డీజే, స్టూడియో, లేబుల్

అందరికీ నమస్కారం.

టెక్నో డీజే జెఫ్ మిల్స్ పేరెత్తగానే చాలామంది ఆయన చేతివేగం గురించే చెబుతారు. మూడు టర్న్‌టేబుళ్లు, పక్కన డ్రమ్ మెషిన్, పాట కుదురుకునేలోపే మరో పాట. ఆ వేగం చూడాల్సిందే. అయితే లేబుల్, అంటే రికార్డులు విడుదల చేసే సంస్థ, పెట్టాలనుకునే కుర్రాళ్లు గమనించాల్సింది ఇంకొకటుంది. డీజేగా తనకేం కావాలో అదే స్టూడియోలో చేసుకున్నారు, దాన్ని అచ్చు వేయించడానికి సొంత లేబుల్ పెట్టుకున్నారు. మూడూ ఒకే పని.

1963లో డెట్రాయిట్‌లో పుట్టారు. 1980లలో అక్కడి రేడియోలో 'ది విజార్డ్' పేరుతో మిక్స్‌లు చేసేవారు. ఆ తర్వాత మైక్ బ్యాంక్స్‌తో కలిసి అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ అనే బృందం, అందులోంచి బయటికొచ్చి 1992లో సొంత లేబుల్ యాక్సిస్ రికార్డ్స్. అదే ఏడాది బెర్లిన్‌లోని ట్రెసార్ లేబుల్ మీద 'వేవ్‌ఫార్మ్ ట్రాన్స్‌మిషన్' మొదటి భాగం వచ్చింది. 1996లో పెట్టిన 'పర్పస్ మేకర్' లేబుల్ అయితే పూర్తిగా డీజేల కోసమే. 'ది బెల్స్' పాట దాని మీద వచ్చిందే.

ఇక అసలు విషయానికొద్దాం. 1994లో యాక్సిస్ మీద వచ్చిన 'సైకిల్ 30' రికార్డులో లాక్డ్ గ్రూవ్‌లున్నాయి. మామూలు రికార్డులో గాడి చుట్టలు చుట్టుకుంటూ లోపలికి పోతుంది. ఇక్కడ ప్రతి గాడీ తన మొదటికే వచ్చి మూసుకుంటుంది, సూది అక్కడే తిరుగుతూ ఉంటుంది. మన తాళంలో ఆవర్తం లాంటిదే ఇది, చేత్తో సూది ఎత్తేదాకా ముగియదు.

దీని లెక్క చూడండి. నిమిషానికి 33⅓ చుట్లు, అంటే చుట్టుకు 1.8 సెకన్లు. అందులో నాలుగు బీట్లు పడాలంటే టెంపో, అంటే నిమిషానికి పడే బీట్లు, సరిగ్గా 133.33 ఉండాలి. స్టూడియోలో 135 పెట్టి చేశారనుకోండి, నాలుగు బీట్లు 1.778 సెకన్లకే అయిపోతాయి. మిగిలిన 22 మిల్లీసెకన్లు ప్రతి చుట్టులోనూ కుంటినడకలా వినిపిస్తాయి. రెండో చిక్కు రెవర్బ్ తోక, అంటే శబ్దం ఆగాక మిగిలే ప్రతిధ్వని. లూప్‌ను మొదటి చుట్టు నుంచి కత్తిరిస్తే తోక అతుకు దగ్గర తెగిపోయి 'టక్' మంటుంది. రెండుసార్లు వాయించి రెండో చుట్టునే తీసుకోవాలి. అప్పుడు పాత తోక కొత్త మొదటి బీట్ కింద కలిసిపోతుంది.

టర్న్‌టేబుల్‌కు 8 శాతం పిచ్ సర్దుబాటు ఉంటే ఈ గాడి సుమారు 123 నుంచి 144 దాకా సాగుతుంది. టెక్నోలో వాడే వేగాలు చాలావరకు అందులోనే ఉంటాయి. నా ఉద్దేశంలో ఆయన చేసినవాటిలో అన్నిటికంటే తెలివైన వస్తువు ఇదే.

రెండో విషయం రోలాండ్ టీఆర్-909 డ్రమ్ మెషిన్. దీనిలో కిక్ (బరువైన డ్రమ్ దెబ్బ), స్నేర్, టామ్‌లు అనలాగ్ సర్క్యూట్లు, హై-హ్యాట్ (సన్నటి తాళాల శబ్దం), సింబల్‌లు డిజిటల్ నమూనాలు. మిల్స్ దీన్ని వాద్యంలా వాయిస్తారు. 2015లో వచ్చిన 'ఎగ్జిబిషనిస్ట్ 2' వీడియోలో ఆ చేతులను దగ్గరగా చూడొచ్చు. నడుస్తున్న రికార్డు మీద 909ను కలపడం ఎందుకు కష్టమంటే, రెండింటి మధ్య సింక్ తీగ ఉండదు. టెంపోలో 0.3 తేడా ఉంటే నిమిషానికి దాదాపు 135 మిల్లీసెకన్లు జారుతుంది. పది సెకన్లలోనే కిక్ రెండుగా చీలినట్టు చెవికి తెలుస్తుంది. కాబట్టి ముందు హై-హ్యాట్ ఒక్కదాన్నే వదలండి. అది కుదురుకున్నాక, మిక్సర్‌లో రికార్డు బేస్ పూర్తిగా తగ్గించి, అప్పుడు 909 కిక్ తీసుకురండి. రెండు కిక్‌లు ఒకేసారి మోగితే ఒకదాన్నొకటి మింగేస్తాయి, క్లబ్‌లో ఛాతీకి తగలాల్సిన దెబ్బ మాయమవుతుంది.

లేబుల్ విషయంలో అందరూ నష్టపోయేది రికార్డు కోత, అంటే అచ్చుకు మూలమైన డిస్క్ మీద గాడి చెక్కే పని దగ్గర. డెట్రాయిట్‌లో రాన్ మర్ఫీ లాంటి కోత నిపుణుడు దొరకడం అక్కడి లేబుళ్లకు వరమైంది. 12 అంగుళాల రికార్డు అంచున గాడి సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్లు కదులుతుంది, లోపలికి చేరేసరికి 21కి పడిపోతుంది. పదునైన హై-హ్యాట్‌లున్న పాటను లోపలి వైపు పెడితే బరబరమంటుంది. గట్టి పాట బయట, మెత్తనిది లోపల పెట్టాలి. బేస్ మోనోలో, అంటే ఎడమ కుడి రెండిటిలో ఒకేలా ఉండాలి. ఎడమ, కుడి బేస్‌లు ఒకదానికొకటి ఎదురు తిరిగితే సూది గాడిలోంచి ఎగిరిపోతుంది. శబ్దం గట్టిగా రావాలంటే రికార్డు ఒక్కో వైపు పన్నెండు నిమిషాలు దాటనివ్వకండి.

ఆ తర్వాతి పనులూ ఇదే ధోరణిలో సాగాయి. 2000లో 'మెట్రోపోలిస్' మూకీకి సంగీతం, 2005లో ఫ్రాన్స్‌లోని పాన్ దు గార్ అనే పురాతన రోమన్ వంతెన దగ్గర మాంపెలియే ఆర్కెస్ట్రాతో కచేరీ, 2018లో డ్రమ్మర్ టోనీ అలెన్‌తో రికార్డు. పాతవి అడిగేవాళ్లున్నా కొత్త ప్రయోగం వైపే వెళ్లారు. సొంత లేబుల్ ఉండటం అందుకు తోడ్పడింది.

చివరగా టెస్ట్ ప్రెస్సింగ్. ఫ్యాక్టరీ నుంచి కొన్ని నమూనా కాపీలు వస్తాయి. వాటిని పక్కనపెట్టి 'సరే' అనేస్తే మొత్తం ముద్రణ అలాగే వస్తుంది, డబ్బు అప్పటికే కట్టేసి ఉంటారు. కాపీలన్నీ వినండి. 'టక్' ఒకే కాపీలో ఉంటే దుమ్ము, అన్నిటిలో ఒకేచోట ఉంటే అచ్చులో లోపం. మధ్య రంధ్రం అర మిల్లీమీటరు పక్కకు పడితే లోపలి గాడిలో వేగం 0.8 శాతం అటూ ఇటూ ఊగుతుంది. 133 టెంపో ప్రతి చుట్టులో 132, 134 మధ్య తిరుగుతుంటే ఆ రికార్డును ఏ డీజే కూడా మిక్స్ చేయలేరు. అలాంటిది వస్తే వెనక్కి పంపి, మళ్లీ నమూనా అడగండి.