పిల్లల పుస్తకాల వెనుక రచయితల బాల్యం: రోల్డ్ డాల్, ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్

(తెరపై: బూడిద రంగు అట్టపెట్టె. మూత తీయగానే పన్నెండు చాక్లెట్ బార్లు. ఒక బారును తిప్పి చూపితే అడుగున ముద్రించిన అంకె.)

వ్యాఖ్యానం:
1930ల తొలినాళ్ళలో ఇంగ్లండులోని రెప్టన్ అనే బోర్డింగ్ స్కూలు కుర్రాళ్ళకు అప్పుడప్పుడు క్యాడ్‌బరీ కంపెనీ నుంచి ఇలాంటి పెట్టెలు అందుతుండేవి. పన్నెండింటిలో ఒకటి అందరికీ తెలిసిన రకం, తక్కిన పదకొండూ ఇంకా బజారుకు రాని కొత్త రకాలు. ఒక్కో బారునూ రుచి చూసి, సున్నా నుంచి పది వరకు మార్కులు వేసి, నచ్చితే ఎందుకు నచ్చిందో, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో పెట్టెలోని కాగితం మీద రాయాలి. ఆ కుర్రాళ్ళలో రోల్డ్ డాల్ ఒకడు. 1964లో వెలువడిన ‘చార్లీ అండ్ ద చాక్లెట్ ఫ్యాక్టరీ’కి మూలం ఆ పెట్టెలేనని తన బాల్యస్మృతుల పుస్తకం ‘బాయ్’లో ఆయనే చెప్పాడు.

చిన్నప్పుడు చాక్లెట్లు తిన్నాడు కాబట్టి పెద్దయ్యాక చాక్లెట్ల కథ రాశాడని ఇక్కడితో ముగించవచ్చు. కానీ ఆ పెట్టెలు ఆ వసతిగృహంలోని కుర్రాళ్ళందరికీ వచ్చాయి, నవల మాత్రం ఒక్కడే రాశాడు. పైగా కథలోని చార్లీ కడు పేదవాడు. డాల్ తండ్రి కార్డిఫ్ రేవులో నౌకా వ్యాపారంతో బాగా గడించినవాడు. మరి ఆ పెట్టె నుంచి కథలోకి వచ్చినదేమిటి? పెద్దవాళ్ళ మాటకు ఎదురు చెబితే బెత్తం విరిగే బడిలో, ఒక పిల్లవాడి అభిప్రాయాన్ని పెద్దవాళ్ళు నిజంగా కోరి అడిగిన సందర్భం అదే అయి ఉంటుందని నాకనిపిస్తుంది. కంపెనీలో ప్రయోగశాల లాంటి పొడవాటి తెల్లని గది ఉంటుందని, అందులో తానే ఒక కొత్త చాక్లెట్ కనిపెట్టి యజమాని దగ్గరికి పరుగెత్తుతానని ఆ కుర్రాడు ఊహించుకునేవాడు. నవలలో ఫ్యాక్టరీ యజమాని తన వారసత్వాన్ని పెద్దవాళ్ళకు కాక ఒక పిల్లవాడికి అప్పగిస్తాడు.

(తెరపై: వేల్స్‌లోని లాండాఫ్. మిఠాయి దుకాణం అద్దాల వెనుక గాజు సీసాలు.)

అంతకు ముందరి సంగతి ఇంకా కటువైనది. 1916లో లాండాఫ్‌లో పుట్టిన డాల్, ఏడెనిమిదేళ్ళ వయసులో బడి నుంచి ఇంటికి వెళ్ళే దారిలోని మిఠాయి దుకాణం ముందు రోజూ ఆగేవాడు. ‘బాయ్’లో మిసెస్ ప్రాచెట్ అనే పేరుతో కనిపించే దుకాణదారు మురికి చేతులనే సీసాలోకి దూర్చి మిఠాయి తీసేది, పిల్లలను చీదరించుకునేది. ఒకనాడు డాల్, అతని స్నేహితులు కలిసి ఒక చచ్చిన ఎలుకను ఆమె సీసాలో పడేశారు. మర్నాడు ఆమె బడికి వచ్చి వాళ్ళను పోల్చింది. ప్రధానోపాధ్యాయుడు ఒక్కొక్కరినీ వంచి బెత్తంతో కొడుతుంటే, ఆమె అదే గదిలో కూర్చుని ఇంకా గట్టిగా కొట్టమని ఎగదోసింది. ఒంటి మీది వాతలు చూసిన తల్లి సోఫీ మాగ్దలీన్ తిన్నగా బడికి వెళ్ళి నిలదీసింది.

బెత్తం పట్టిన పెద్దమనిషి, పక్కన కూర్చుని సంబరపడే మరో పెద్దమనిషి: ఈ జంటను డాల్ పుస్తకాల్లో పదేపదే చూస్తాం. 1961 నాటి ‘జేమ్స్ అండ్ ద జెయింట్ పీచ్’లో జేమ్స్ అనే పిల్లవాణ్ణి రాచిరంపాన పెట్టే ఇద్దరు అత్తలు అటువంటివారే. 1988 నాటి ‘మటిల్డా’లో పిల్లలను జడ పట్టి గిరగిరా తిప్పి విసిరేసే ప్రధానోపాధ్యాయురాలూ ఆ కోవకు చెందినదే. అయితే బడిలో పిల్లవాడు దెబ్బలు తిన్నాడు, కథలో పిల్లవాడు గెలుస్తాడు. పిల్లలకు అందుకే ఆ పుస్తకాలంటే అంత ఇష్టం. కొందరు పెద్దలకు అందుకే అవి గిట్టవు.

(తెరపై: ఒక పాత ఉత్తరం.)

డాల్‌కు మూడేళ్ళు నిండిన కొద్ది నెలలకే, 1920లో, అక్క ఆస్త్రి అపెండిసైటిస్‌తో ఏడేళ్ళకే పోయింది. కొన్ని వారాల తేడాతో తండ్రీ పోయాడు. నార్వే నుంచి వచ్చి స్థిరపడిన ఆ కుటుంబానికి పుట్టింటి అండ సముద్రానికి అవతల ఉండిపోయింది. తొమ్మిదేళ్ళకే వెస్టన్-సూపర్-మేర్‌లోని బోర్డింగ్ స్కూల్లో చేరిన పిల్లవాడు ప్రతి ఆదివారం తల్లికి ఉత్తరం రాసేవాడు. హెడ్మాస్టరు భుజం మీదుగా తొంగి చూసేవాడు కాబట్టి అందులో దిగులు గురించి ఒక్క ముక్క ఉండేది కాదు. ఆ ఉత్తరాలను తల్లి చివరివరకూ దాచిందని కొడుక్కి చాలా ఆలస్యంగా తెలిసింది. వేసవుల్లో నార్వే వెళ్ళడం, తల్లి నోట అక్కడి ట్రోల్‌ల (జానపద కథల్లోని రాక్షసుల) కథలు వినడం ఆ ఇంట్లో మామూలు. 1983లో వచ్చిన ‘ద విచెస్’లో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లవాణ్ణి చేరదీసి మంత్రగత్తెల గుట్టు చెప్పేది నార్వేకు చెందిన అమ్మమ్మే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రెప్టన్‌లో ఒక కుర్రాణ్ణి క్రూరంగా కొట్టిన హెడ్మాస్టరు తర్వాత క్యాంటర్‌బరీ ఆర్చిబిషప్, అంటే ఇంగ్లండు చర్చి ప్రధాన మతగురువు, అయ్యాడని డాల్ రాశాడు. ఆ దెబ్బలు 1933లో పడ్డాయని, ఆర్చిబిషప్ కాబోయే జెఫ్రీ ఫిషర్ 1932లోనే ఆ బడి వదిలి వెళ్ళాడని జీవితచరిత్రకారులు తేల్చారు. అంటే కొట్టినది ఆయన తర్వాత వచ్చిన మరొకరు. దెబ్బ నిజం, కొట్టిన చేయి మారింది. రచయితల జ్ఞాపకాలను సాక్ష్యంగా చదివేవారు ఈ తేడాను దృష్టిలో ఉంచుకోవాలి.

(తెరపై: స్వీడన్‌లోని విమ్మర్‌బీ పక్కన నెస్ పొలం, పెద్ద ఎల్మ్ చెట్టు.)

బాల్యంలో గాయం ఉంటేనే పిల్లల రచయిత తయారవుతాడా? 1907లో ఈ పొలంలో పుట్టిన స్వీడన్ పిల్లల రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్‌ది అందుకు పూర్తిగా భిన్నమైన అనుభవం. తనతో కలిపి నలుగురు తోబుట్టువులు, ఒకరినొకరు ప్రేమించుకునే తల్లిదండ్రులు, పని అయిపోతే చీకటి పడేదాకా ఆటలు. అన్న గున్నార్ ఒకసారి ఎల్మ్ చెట్టు తొర్రలోని గుడ్లగూబ గూట్లో కోడిగుడ్డు పెడితే, గుడ్లగూబ దాన్ని పొదిగి కోడిపిల్లను లేపింది! ఆ అల్లరి ఆమె ‘బుల్లర్‌బీ’ పిల్లల కథల్లోకి ఉన్నదున్నట్టు వచ్చింది.

కానీ ఆమె రాసిన ఒంటరి పిల్లలు ఆ పొలం నుంచి రాలేదు. 1926లో పెళ్ళి కాకుండానే తల్లి అయిన ఆమె, కొడుకు లాస్సేను కోపెన్‌హేగెన్‌లో ఒక పెంపుడు తల్లి దగ్గర ఉంచి, స్టాక్‌హోమ్‌లో ఉద్యోగం చేస్తూ, డబ్బు కూడినప్పుడల్లా వెళ్ళి చూసి వచ్చేది. 1954లో రాసిన ‘మియో, మిన్ మియో’లో, తనను కోరుకోని పెంపుడు ఇంట్లో పెరిగే పిల్లవాడు ఊహాలోకానికి వెళ్ళి తన కన్నతండ్రిని చేరుకుంటాడు. నిశ్చింతగా పెరిగిన మనిషికే, అది కరువైన పిల్లవాడు ఏం పోగొట్టుకున్నాడో అంత స్పష్టంగా తెలిసి ఉంటుంది. లాస్సే విషయంలో ఆ లోటు కొంత తీరింది: 1930లో అతణ్ణి నెస్‌కే తీసుకువెళ్ళారు, ఏడాదికి పైగా అమ్మమ్మ, తాతయ్యల దగ్గరే పెరిగాడు. 1931లో తల్లికి పెళ్ళయ్యాక స్టాక్‌హోమ్‌లోని ఇంటికి చేరాడు.