ఫెర్మెంటర్‌లో నురగ: యాంటీఫోమ్ ఎన్ని చుక్కలు వేయాలి?

(తెర మీద: పెనంలో మరుగుతున్న చెరకు రసం)

అనకాపల్లి వైపు బెల్లం వండేటప్పుడు ఎప్పుడైనా చూశారా? రసం మరిగి నురగ అంచుదాకా లేస్తే, వండేవాళ్లు కాస్త నూనె చిలకరిస్తారు. పొంగు వెంటనే దిగిపోతుంది. ఫ్యాక్టరీల్లో వేసే యాంటీఫోమ్ చేసేదీ ఈ పనే.

(ఫెర్మెంటర్ లోపలి బొమ్మ)

ఇది యాంటీబయాటిక్ తయారుచేసే ఫెర్మెంటర్, అంటే సూక్ష్మజీవులను పెంచే ట్యాంకు. లోపలి సూక్ష్మజీవులకు ఊపిరాడాలని కింది నుంచి గాలి పంపుతూ, గిలక్కొడుతూ ఉంటారు. ద్రవంలోని ప్రొటీన్లు ప్రతి గాలి బుడగ చుట్టూ పొర కడతాయి. ఇక బుడగ త్వరగా పగలదు. నురగ పేరుకుని పైకొచ్చి, గాలి బయటికెళ్లే ఫిల్టర్‌ను తడిపేస్తుంది. ఫిల్టర్ మూసుకుపోతే ట్యాంకులో ప్రెషర్ పెరుగుతుంది. ఆ తడిలోంచి బయటి క్రిములు లోపలికి చేరితే, రోజుల తరబడి పెంచిన బ్యాచ్ మొత్తం పారబోయాల్సిందే. ఆ టెన్షన్ షిఫ్టులో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

(బుడగ పొర, దగ్గరగా)

1940లలో పెన్సిలిన్ ట్యాంకుల్లో పంది కొవ్వు నూనె వాడేవారు. ఇప్పుడు ఎక్కువగా వాడేది సిలికాన్ నూనె, అందులో నీరంటని సన్నటి సిలికా పొడి. నీటి తలతన్యత, అంటే పైపొరను బిగువుగా లాగి ఉంచే బలం, మీటరుకు 72 మిల్లీన్యూటన్లయితే, ఈ నూనెది దాదాపు 21. అందుకే నూనె చుక్క బుడగ పొరలోకి సులువుగా చొరబడుతుంది. సిలికా రేణువు ముల్లులా దారి చేస్తుంది. చుక్క పొరకు అటూ ఇటూ అంటుకోగానే నీరు దాని నుంచి పక్కకు జారుతుంది, పొర తెగుతుంది. రేణువులు లేని నూనె ఇంత బాగా పనిచేయదు. కడుపు ఉబ్బరానికి మింగే సిమెథికోన్‌లో ఉన్నదీ ఈ జంటే!

(డీఓ మీటర్: ద్రవంలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో చూపేది)

మరి ఎక్కువ వేస్తే? చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ద్రవంలోని చిన్న బుడగలు కూడా కలిసిపోయి పెద్దవవుతాయి. గాలి, నీరు తాకే వైశాల్యం తగ్గి, ఆక్సిజన్ కరగడం తగ్గుతుంది. తర్వాత వడపోతలో ఆ నూనే మెంబ్రేన్‌కు, అంటే వడపోసే పల్చటి పొరకు, పట్టేస్తుంది. అందుకే ముందే స్టెరిలైజ్ చేసిన యాంటీఫోమ్‌ను కొన్ని చుక్కలే వేసి, నురగ దిగేదాకా ఆగాలి.

నురగ తగిలితే పంపును నడిపే ప్రోబ్ ఉంటుంది కదా, దాన్ని కూడా గుడ్డిగా నమ్మకండి. దాని మీద నురగ ఎండి అట్టకడితే, నురగ లేకపోయినా పంపు తిరుగుతూనే ఉంటుంది. డీఓ కారణం లేకుండా పడిపోతుంటే, యాంటీఫోమ్ బాటిల్ ఎంత ఖాళీ అయిందో ముందు చూడండి.