ప్లాట్‌ఫాం మీద మిగిలిపోయింది నేనే

అందరికీ నమస్కారం. వచ్చే నెల పిల్లలకి తోడుగా ప్యారిస్ వెళ్లే పెద్దలూ, వాళ్ల చేతుల్లో పిల్లల్ని పెడుతున్న తల్లిదండ్రులూ ఇద్దరూ ఇక్కడే ఉన్నారని చెప్పారు. రెండేళ్ల కిందట నేనూ ఒక బడి బృందంతో ఆ ఊరే వెళ్లాను. నేను టీచర్ని కాదు. ఆ బృందంలో మా అమ్మాయి ఉంది. "తోడు రావడానికి ఒక పేరెంట్ కావాలి" అంటే చెయ్యెత్తాను. నిజం చెప్పొద్దూ, ఈఫిల్ టవర్ చూడొచ్చు కదా అనే ఎత్తాను. చూశాను కూడా. 1889 నుంచి నిలబడి ఉన్న టవర్, 330 మీటర్ల ఎత్తు. దాని కింద గంటన్నర ఉంటే, నేను తలెత్తి పైకి చూసింది రెండు మూడు సార్లే. మిగతా సేపంతా కళ్లు 26 తలకాయల మీదే.

కాబట్టి ముందే చెప్తున్నాను, మీరు ఊరు చూడటానికి వెళ్లడం లేదు. పిల్లలు ఊరు చూస్తారు, మీరు పిల్లల్ని చూస్తారు.

మేం నలుగురం పెద్దవాళ్లం. ఇద్దరు టీచర్లు, టూర్ కంపెనీ తరఫున ఒకావిడ, నేను. పిల్లలంతా 13 నుంచి 15 ఏళ్ల లోపువాళ్లు. మొదట్లో ఒక్కొక్కరికీ ఒక నంబరిచ్చి, వరసగా పలకమన్నాం. ఒకటి, రెండు, మూడు అంటూ చకచకా అయిపోయేది. భలే పద్ధతి అనుకున్నాం. రెండో రోజు సాయంత్రం బస్సులో ఇలాగే 26 దాకా వినపడింది. డ్రైవరు ఇంజిన్ స్టార్ట్ చేశాడు. అప్పుడు 17వ నంబరు కుర్రాడు ఎదురుగా ఉన్న దుకాణంలోంచి బస్సు వైపు పరిగెత్తుకొస్తూ కనిపించాడు. మరి 17 అని పలికిందెవరు? వాడి స్నేహితుడు. కాలేజీలో ప్రాక్సీ వేసినట్టు వేసేశాడు. వాణ్ణి కాపాడుతున్నానని వీడి ఉద్దేశం!

ఆ రోజు నుంచి గొంతులు వినడం మానేసి మొహాలు చూడటం మొదలుపెట్టాం. 26 మందిని ఒకరే లెక్కపెట్టడం కూడా మానేశాం. ఇద్దరికి ఏడుగురేసి, ఇద్దరికి ఆరుగురేసి. నా ఏడుగురి పేర్లూ, వాళ్లు ఆ రోజు వేసుకున్న బట్టల రంగులూ పొద్దున టిఫిన్ దగ్గరే మనసులో పెట్టుకునేవాణ్ణి. రంగులు ఎందుకంటే, పోలీసుకి చెప్పాల్సి వస్తే "పొడుగ్గా, సన్నగా ఉంటాడు" అని చెబితే ఏం ప్రయోజనం? ఆ వయసులో అందరూ పొడుగ్గా, సన్నగానే ఉంటారు. ఇంకోటి. పిల్లలు స్నేహితుల కోసం గ్రూపులు మారిపోతారు. మారనివ్వకండి, మారితే ఇద్దరు పెద్దలకీ తెలిసి మారాలి. పిల్లలు తప్పిపోయిన ప్రతిచోటా తర్వాత వినపడే మాట ఒకటే, "మీ గ్రూపులో ఉన్నాడనుకున్నాను."

ఇక మెట్రో సంగతి. ఈ పూట నన్ను పిలిచింది దీని కోసమేనని అనుమానం. ఆ కథ బాగా పాకింది మరి.

మూడో రోజు లూవ్ర్ మ్యూజియంకి వెళ్లాలి. లోపలికి వెళ్లే టైము ముందే బుక్ చేశారు. షాట్లే స్టేషన్లో లైను మారి, ఒకటో నంబరు లైను ఎక్కాలి. ఆ లైను 1900లో మొదలైంది, ప్యారిస్ మెట్రోలో అన్నిటికంటే పాతది. కానీ ఇప్పుడు దాని రైళ్లకి డ్రైవరు ఉండడు, అంతా ఆటోమేటిక్. ప్లాట్‌ఫాం అంచున గాజు తలుపులుంటాయి. బీప్ మోగిందంటే మూసుకుంటాయి. "ఒక్క నిమిషం బాబూ" అని చెయ్యి ఊపుదామంటే చూసేవాడు లేడు.

ముందు ఒక టీచరు ఎక్కాలి, చివర నేను ఎక్కాలి. పిల్లలందరూ ఎక్కారు. అదే సమయంలో నా ఫోను మోగింది. ఒక తల్లి వాట్సాప్‌లో, "నిన్నటి ఫోటోల్లో మావాడు ఒక్కదాంట్లోనూ లేడేంటండీ" అని అడుగుతున్నారు. చదివి తలెత్తేసరికి గాజు తలుపులు మూసుకున్నాయి. అవతల 26 మంది పిల్లలు, ముగ్గురు పెద్దలు. ఇవతల నేను. మా అమ్మాయి మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. భయపడలేదు. సిగ్గుపడింది.

ముందు రోజు రాత్రి హోటల్ వరండాలో టీచర్లు పిల్లలతో ఒక డ్రిల్ చేయించారు. కుర్చీలు రెండు వరసలు వేసి రైలు అనుకున్నారు. నియమం చాలా చిన్నది. ఎవరైనా ప్లాట్‌ఫాం మీద మిగిలిపోతే కదలకుండా అక్కడే ఉండాలి. రైల్లో ఉన్నవాళ్లు తర్వాతి స్టేషన్లో దిగి, ప్లాట్‌ఫాం మీదే ఆగాలి. వాళ్లలోంచి ఒక పెద్దమనిషి వెనక్కి వచ్చి మిగిలినవాళ్లని తీసుకెళ్తారు. మిగిలింది పెద్దవాళ్లే అయితే తర్వాతి రైలెక్కి, మిగతావాళ్లు ఆగి ఉన్న ఆ స్టేషన్లోనే దిగాలి. ఎవరూ తెలివితేటలు చూపించకూడదు. ఆ డ్రిల్ జరిగేటప్పుడు నేనెక్కడున్నాను? గదిలో కూర్చుని వాట్సాప్‌లో తల్లిదండ్రులకి జవాబులిస్తున్నాను. పిల్లల ఆటే కదా, మనకెందుకు అనుకున్నాను.

రెండు మూడు నిమిషాల్లో ఇంకో రైలొచ్చింది, ఎక్కాను. మ్యూజియంకే కదా వెళ్తున్నాం, మ్యూజియం దగ్గరే దిగుదాం అని నా తెలివి. తర్వాతి స్టేషను లూవ్ర్–రివోలి. మ్యూజియం దారి ఉన్నది దాని తర్వాతి స్టేషన్లో. లూవ్ర్–రివోలిలో రైలు ఆగితే, కిటికీలోంచి చూస్తే, గోడ పక్కన 26 మందీ రెండు వరసల్లో నిలబడి ఉన్నారు. జనాన్ని తోసుకుంటూ తలుపు దగ్గరికి వెళ్లేలోపు మళ్లీ బీప్. మళ్లీ గాజు తలుపు. ఈసారి కొందరు పిల్లలు నాకు టాటా చెప్పారు.

పై స్టేషన్లో దిగి, ఎదురు ప్లాట్‌ఫాంకి పోయి, వెనక్కి వచ్చి కలిసేసరికి పావుగంట పోయింది. ఒక చిన్నమ్మాయి, చాలా మర్యాదగా, "అంకుల్, మీరు నిన్న డ్రిల్‌కి రాలేదు కదా, అందుకే" అంది.

ఆ పావుగంటలో ఒక్క పిల్లా భయపడలేదు, ఒక్కరూ అటూ ఇటూ కదల్లేదు. ఏం చెయ్యాలో వాళ్లకి తెలుసు. తెలియనిది నాకు. అప్పటిదాకా తోడు వెళ్లడమంటే కన్నార్పకుండా చూస్తూ ఉండటమే అనుకున్నాను. ఎంత చూసినా ఒక్క ఫోను మోత చాలు, చూపు తప్పిపోవడానికి. మీ చూపు తప్పిపోయిన ఆ కాసేపూ పిల్లలు ఏం చేస్తారన్నది మీరు ముందే వాళ్లకి నేర్పి ఉండాలి. మీ అరుపులూ, జాగ్రత్తలూ ఆ సమయంలో పనిచెయ్యవు.

మ్యూజియంలోనూ అంతే. మంగళవారాలు లూవ్ర్ మూసేస్తారు, మీ టైంటేబుల్ ఒకసారి చూసుకోండి. మోనాలిసా బొమ్మ 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు, అంతే. దాని ముందు ఎప్పుడూ జాతరే. ఆ గదిలో తలలు లెక్కపెట్టాలనుకోవడం వృథా ప్రయాస. లోపలికి వెళ్లకముందే, ఇన్ని గంటలకి ఫలానా చోట కలవాలని చెప్పి, ఆ చోటు వేలితో చూపించి, వాళ్ల చేత మళ్లీ చెప్పించాలి. మేం అలాగే చేశాం. అయినా ఒకడు తగ్గాడు. మోనాలిసాకి ఎదురు గోడ మీద ఇటలీ చిత్రకారుడు వెరొనీజ్ వేసిన పెళ్లి విందు బొమ్మ ఉంటుంది. దాదాపు పది మీటర్ల వెడల్పు, ఆ మ్యూజియంలో అన్నిటికంటే పెద్ద పెయింటింగ్. జనమంతా మోనాలిసా కోసం దానికి వీపు పెట్టి నిలబడతారు. మావాడు ఒక్కడే దాని ముందు ఉన్నాడు. "ఏం చేస్తున్నావురా" అంటే, "ఇందులో కుక్కలెన్ని ఉన్నాయో చూస్తున్నా అంకుల్" అన్నాడు. తిట్టబుద్ధి కాలేదు. చెప్పిన టైముకి ఇంకా నాలుగు నిమిషాలుంది, తప్పు వాడిది కాదు. ఆ నాలుగు నిమిషాలూ నేనూ కుక్కల్ని చూశాను. ఆ యాత్రలో నేను నింపాదిగా చూసిన బొమ్మ అదొక్కటే.

జేబుదొంగల గురించి అందరూ అడుగుతారు. ఉన్నారు. ఈఫిల్ దగ్గర అట్ట పట్టుకుని "సంతకం పెట్టండి" అని వస్తారు. మోమార్త్ గుట్ట మెట్ల దగ్గర చేతికి దారం కట్టేసి డబ్బులడుగుతారు. ఆగకుండా నడిచిపోవడమే మందు. మెట్రోలో తలుపు పక్కన నిలబడి ఫోను చూడొద్దని మాత్రం గట్టిగా చెప్పండి. తలుపు మూసుకునే క్షణంలో లాక్కుని దిగిపోతారు.

పాస్‌పోర్టులు పిల్లల చేతికి ఇమిగ్రేషన్ వరసలోనే ఇవ్వండి, కౌంటర్ దాటగానే అక్కడికక్కడే వెనక్కి తీసుకోండి. పిల్లల జేబులో జిరాక్స్ చాలు. దాంతోపాటు హోటల్ పేరు, అడ్రసు, ఇద్దరు పెద్దల ఫోన్ నంబర్లు ఉన్న కార్డు. ఫోన్లో ఉంది కదా అంటారు, మధ్యాహ్నానికి ఆ ఫోను ఆగిపోతుంది. యూరప్ యూనియన్‌లో ఎక్కడున్నా ఆపద వస్తే 112, ఇది పిల్లలకి నోటికి రావాలి. ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ తీసుకుంటారు. ఆ పాలసీ కాగితం మాత్రం ఇంట్లో బీరువాలో ఉంటుంది. మీ దగ్గర ఉండాలి.

మందుల విషయంలో తల్లిదండ్రులకి ఒక మాట. దాచకండి. మా బృందంలో ఒక పాపకి ఆయాసం ఉందని ఫారంలో రాయలేదు, రాస్తే పంపరేమోనని. ఈఫిల్ రెండో అంతస్తు దాకా 674 మెట్లు ఎక్కించాం. సగంలో పాప కూర్చుండిపోయింది. ఇన్‌హేలర్ ఎక్కడుందంటే హోటల్లో, సూట్‌కేసులో. కాసేపు కూర్చోబెట్టి, మెల్లగా దింపాం, తేరుకుంది. ఆ కాసేపు నాకు ఎంతసేపైందో నాకే తెలుసు. ఇన్‌హేలర్ పాప బ్యాగులో ఒకటి, పెద్దవాళ్ల దగ్గర ఒకటి ఉండాలి.

రాత్రిళ్లు వేరే లోకం. పగలంతా అల్లరి చేసినవాడే పదిన్నరకి తలుపు కొట్టి, "కడుపు నొప్పి" అంటాడు. చాలాసార్లు అది ఇంటి మీద బెంగ. పడుకోబోయే ముందు ఫోన్ కలపకండి, అమ్మ గొంతు వింటే బెంగ రెట్టింపవుతుంది, అవతల అమ్మకీ నిద్ర ఉండదు. మంచినీళ్లిచ్చి, రేపటి సంగతులు మాట్లాడి, ఫోను పొద్దున చేయించండి. అలా మాట్లాడేటప్పుడు గదిలో ఒంటరిగా, తలుపు వేసుకుని మాత్రం ఉండకండి. తలుపు తెరిచి ఉండాలి, ఇంకో పెద్దమనిషి కనుచూపులో ఉండాలి. ఇది పిల్లల క్షేమానికీ, మీ క్షేమానికీ.

ఇక ఆ వాట్సాప్ గ్రూపు. రోజుకి రెండు మెసేజ్‌లు పెడతారు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తోడు వెళ్లే పెద్దల్లో ఒక్కరే పెడతారు. అంతకుమించి అడగనని ఇక్కడున్న తల్లిదండ్రులు నాకు మాటివ్వాలి. ఫోటోలో మీవాడు లేకపోతే, వాడు ఫోటో తీస్తున్నాడని అనుకోండి.

నేను చెప్పేది అయిపోయింది. ఇప్పుడు వెనక రెండు వరసల కుర్చీలు కాస్త జరపండి. పిల్లలు బయట సిద్ధంగా ఉన్నారు. తలుపులు మూసుకునే బీప్ టీచరు గారు వేస్తారు. ఫోన్లు ఈ బల్ల మీద పెట్టేయండి, నాది ముందు పెడుతున్నాను. చివర ఎక్కేది మళ్లీ నేనే.